సైటు పడిపోయిన రోజు డ్యూటీ ఎవరిది

మదనపల్లెలో మేముండే ఇంటి మేడ మీది గదిలో కూర్చుని రోజంతా ఏం పని చేస్తావని మా అత్తగారు అడిగితే, "కాపలా పని అత్తా" అని చెప్పాను. అందులో అబద్ధం లేదు. బెంగళూరులో ఉన్న ఒక కంపెనీ తరఫున ఒక పెద్ద వెబ్‌సైటు ఆగిపోకుండా చూసుకోవడం నా ఉద్యోగం. ఇంటర్ అయిన పిల్లలు నర్సింగు, ఫార్మసీ, వ్యవసాయం లాంటి చదువులకు దరఖాస్తు చేసుకునే సైటు అది. ఏడాదిలో ఎక్కువ రోజులు దాని మొహం చూసేవాళ్ళుండరు. దరఖాస్తుల రోజులొస్తే మాత్రం ఊరూరా పిల్లలూ పెద్దలూ దాని ముందే కూర్చుంటారు. అది పని చేస్తున్నంత కాలం నన్నెవరూ తలుచుకోరు. ఆగిందంటే నిమిషంలో ఫోను మోగుతుంది.

ఆ పనిలో నాకు తోడు ఇంకొకాయన ఉండేవారు. కుప్పంలో తన ఇంటి నుంచే పని చేసేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఒక పాలిటెక్నిక్‌లో కొన్నాళ్ళు కంప్యూటరు పాఠాలు చెప్పి, తర్వాత ఈ కంపెనీలో కాంట్రాక్టు మీద చేరారు. నేను అన్నా అని పిలిచేదాన్ని. ఒక రోజు ఆయన, ఒక రోజు నేను డ్యూటీ చేసేవాళ్ళం. డ్యూటీలో ఉన్నవాళ్ళ లాగిన్‌తో తప్ప సైటులో దేన్నీ మార్చడానికి వీలుండదు. పాస్‌వర్డు ఇంకొకరికి ఇవ్వబోమని చేరిన రోజే మా చేత సంతకం పెట్టించుకున్నారు.

దరఖాస్తులకు ఆఖరి రోజు ఆ ఏడు శుక్రవారమైంది. డ్యూటీ ఆయనది. పొద్దున ఏడున్నరకు ఆయన ఫోను చేశారు. వెనక మనుషుల కేకలు వినిపిస్తున్నాయి.

"అమ్మా, రామకుప్పం కాడ మా సేన్లోకి ఏనుగులు దిగినాయంట. రాగి కోతకొచ్చిండె. సగం తొక్కేసినాయి. మా నాయన ఒగడే ఉండాడు ఆడ. నేను దోవలో ఉండాను."

"పోన్నా. మేనేజరుకు సెప్పి పో. ఆయనే ఇంగెవరికైనా డ్యూటీ వేస్తాడు."

"ఆఖరి దినం లీవంటే ఒప్పుకుంటాడా ఆయప్ప? నా లాగిన్ నీకు పంపిస్తా. మద్యానానికంతా వచ్చేస్తాను. రవంత సూసుకో తల్లీ."

అంతకు ముందు మా పాపకు జ్వరం వచ్చినప్పుడు రెండు రోజులు నా పని కూడా ఆయనే చేశారు. వద్దనడానికి నాకు నోరు రాలేదు. సరేనన్నాను. ఐదు నిమిషాల్లో పాస్‌వర్డు వచ్చింది.

తొమ్మిది దాటాక మా అక్క ఫోను. అక్కకు పుంగనూరులో, బస్టాండుకు దగ్గర్లో నెట్ సెంటరు ఉంది. మూడు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, ఫోటోలు తీసే ఒక మూల. చుట్టుపక్కల పల్లెల పిల్లలకు దరఖాస్తులు నింపేది ఆమే. ఆ సైటు చూసుకునేవాళ్ళలో తన చెల్లెలు ఒకతె అని ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనేది కాదు, అంటే జనం నా ఫోను నంబరు అడుగుతారని.

"పాపా, ఏం మీ సైటు ఇట్ల సేస్తాండాది? ఫోటో ఎక్కేది లేదు. సగం దాకా పోతాది, కట్ అయిపోతాది. పొద్దన్నించి అంగడి నిండా జనం కూర్చోనుండారు."

ఎందుకలా అవుతోందో నాకు తెలుసు. అవతలి నుంచి ఫోటో రావడానికి సైటు అర నిమిషం కాచుకుంటుంది. ఆలోగా పూర్తిగా రాకపోతే తెంపేస్తుంది. బెంగళూరులో అర నిమిషం ఎక్కువే. నెట్టు ఆగి ఆగి నడిచే పుంగనూరులో, సదుంలో అది చాలదు. ఈ సంగతి నేను రెండేళ్ళుగా మీటింగుల్లో చెబుతూనే ఉన్నాను. చూద్దాం అనేవారు.

మేనేజరుకు ఫోను చేశాను. ఆయన బెంగళూరులో ఉంటారు. విజయవాడ వైపు మనిషి. గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు.

"సార్, పల్లెల నుంచి ఫోటోలు ఎక్కడం లేదు. కాచుకునే టైము కొంచెం పెంచితే ఎక్కుతాయి. కానీ ఈరోజు ఆఖరి రోజు, ఏమీ ముట్టుకోకూడదని రూలు కదా."

"నాకూ పొద్దున్నుంచి అవే కంప్లయింట్లండి. చిన్నదే కదా, చేసెయ్యండి."

"మెయిల్ పెడతారా సార్?"

"ఇప్పుడు మీటింగులో ఉన్నాను. చేసెయ్యండి ముందు."

డ్యూటీ మీది కాదు కదా, మీరెందుకు చేస్తున్నారని ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. తొమ్మిదీ నలభైకి అన్న లాగిన్‌తో లోపలికి వెళ్ళి అర నిమిషాన్ని పది నిమిషాలు చేశాను. రెండు నిమిషాలు చేసినా సరిపోయేది. పది ఎందుకు పెట్టానంటే, అక్క అంగట్లో కూర్చున్నవాళ్ళు నా కళ్ళ ముందు మెదిలారు. ఒక్కరి ఫోటో కూడా మళ్ళీ తెగకూడదనుకున్నాను.

పది గంటలకు అక్క మళ్ళీ చేసింది. "ఎక్కతాండాయి పాపా! అందరివీ ఎక్కతాండాయి. బతికించినావు." ఆ మాట విని, ఇన్నేళ్ళకు ఈ ఉద్యోగం వల్ల మావాళ్ళకొక ఉపకారం జరిగిందనుకున్నాను. కిందికి వెళ్ళి కాఫీ తాగి వచ్చాను.

మధ్యాహ్నం రెండుంబావుకు సైటు పడిపోయింది.

పేజీ తెరిస్తే తెల్లగా ఉంది. ఫోను, కంప్యూటరు రెండూ ఒకేసారి మోగడం మొదలుపెట్టాయి. నిమిషాల్లో అందరినీ ఒక కాల్‌లోకి పిలిచారు. ఎవరి గొంతు ఎవరిదో తెలియడం లేదు. సమాచారం భద్రపరిచే విభాగం వాళ్ళు, మా దగ్గర అంతా బాగుంది, నెట్‌వర్కు వాళ్ళనడగండి అన్నారు. నెట్‌వర్కు వాళ్ళు, మిషన్లు అద్దెకిచ్చే కంపెనీనడగండి అన్నారు. ఆ కంపెనీవాళ్ళు ఇరవై నిమిషాలు కాచుకోబెట్టి, మావైపు ఏమీ లేదు, తప్పు మీ సైటులోనే ఉందన్నారు. ఎవరో దాడి చేస్తున్నారేమోనని ఒకరన్నారు. ఆఖరి రోజు వరకూ కూర్చోవడం జనం తప్పని ఇంకొకరన్నారు. నన్నడిగినప్పుడు, "నెట్‌వర్కు వైపే అనిపిస్తోంది" అన్నాను. పొద్దున నేను మార్చింది అప్పటికే మనసులో మెదులుతోంది. అది కాదులే, అది మంచికే చేసింది కదా అని పక్కకు తోసేస్తున్నాను.

మూడూ నలభై అయిదుకు చూశాను. ఆ సైటు ఒకేసారి ఇంతమందితోనే మాట్లాడగలదని ఒక హద్దుంది. మధ్యాహ్నం రద్దీ పెరిగే కొద్దీ, నెట్టు సరిగా రాని ప్రతి ఊరి నుంచీ ఒక్కొక్కరు పది నిమిషాల పాటు చోటు పట్టుకుని ఉండిపోయారు. మధ్యలో లేచి ఇంటికెళ్ళినవాళ్ళ చోటు కూడా పది నిమిషాలు ఖాళీ కాలేదు. చోట్లన్నీ నిండిపోయి బయటివాళ్ళకు తెల్ల పేజీ వస్తోంది. సైటును ఎవరూ కొట్టలేదు, ఏ తీగా తెగలేదు. దాన్ని ఆపింది నేను.

కాల్‌లో ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. నేను ఎవరికీ చెప్పకుండా పది నిమిషాలను మళ్ళీ అర నిమిషం చేసి, సైటును ఆపి మొదలుపెట్టాను. అది పూర్తిగా లేచి నిలబడేసరికి అయిదుకు పది నిమిషాలుంది. అయిదింటికి గడువు అయిపోయి దానంతటదే మూసుకుంది. "వచ్చింది, వచ్చింది" అని కాల్‌లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఎలా వచ్చిందని ఆ క్షణంలో ఎవరూ అడగలేదు.

ఆరు గంటలకు కుప్పం నుంచి అన్న ఫోను చేశారు. నాలుగింటికి ఇల్లు చేరుకున్నారట, దారిలో కూడా ఫోనులో కాల్ అంతా విన్నారట.

"ఏమైందమ్మా? ఏమన్నా తెలిసిందా?"

"తెలీదన్నా. రద్దీ ఎక్కువైనట్టుంది."

ఆయనకు కూడా అబద్ధం చెప్పాను. అక్క ఆ మధ్యాహ్నం తొమ్మిదిసార్లు ఫోను చేసింది. ఒక్కసారీ ఎత్తలేదు.

మరునాడు శనివారం పొద్దున పదింటికి మీటింగు. రాత్రంతా ఎవరో కూర్చుని సైటు రికార్డులన్నీ వెతికారు. మేనేజరు గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"నిన్న పొద్దున తొమ్మిదీ నలభైకి ఒక మార్పు జరిగింది. సాయంత్రం దాన్నే వెనక్కి తీశారు. రెండుసార్లూ డ్యూటీ లాగినే." కుప్పం అన్నను పేరు పెట్టి పిలిచి, "మీరే చేశారా?" అన్నారు.

అన్నకు ఆ సంగతి తెలియడం అదే మొదటిసారి. పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో ఆయనకు తెలుసు కాబట్టి, అర్థం కావడానికి రెండు క్షణాలు కూడా పట్టి ఉండదు. నా మైకు మూసి ఉంది. వేలు దాని బటన్ మీదే ఉంది. నొక్కి ఒక్క మాట అంటే చాలు. నేను నొక్కలేదు.

"డ్యూటీ నాది సార్" అన్నారు ఆయన. "బాధ్యత నాదే."

"ఆఖరి రోజు ముట్టుకోకూడదని తెలుసు కదండీ? ఎవరిని అడిగి చేశారు?"

"తప్పయిపోయింది సార్."

చేసెయ్యండి అని నాతో అన్న మనిషి ఈ ప్రశ్న అడుగుతున్నాడు. తాను చెప్పింది నాతోనని, అన్నతో కాదని ఆయనకు గుర్తుంది. ఉండకుండా ఎలా ఉంటుంది, ఒక్క రోజే కదా అయింది. ఆయనా నేనూ, ఇద్దరం నోరు మెదపలేదు. సోమవారం సాయంత్రంలోగా రాతపూర్వకంగా వివరణ ఇవ్వాలని అన్నకు చెప్పి మీటింగు ముగించారు.

వెంటనే అన్నకు ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. అయిదోసారికి స్విచ్చాఫ్ అని వచ్చింది. మధ్యాహ్నం ఒక కబురొచ్చింది, గడువును సోమవారం అయిదింటి దాకా పెంచారని. అది వినగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపను అత్తగారికి అప్పజెప్పి, రెండు జతల బట్టలు సంచిలో పెట్టుకుని పుంగనూరు బస్సెక్కాను. అక్కడి నుంచి కుప్పం వెళ్ళాలని, వెళ్ళి ఏం చెప్పాలో తెలియకుండానే, బయలుదేరాను.

అక్క అంగడి తలుపుకు తెల్ల కాగితం అతికించి ఉంది. "సైటు ఆగిపోయింది. మా మిషన్ల తప్పు కాదు. దయచేసి అరవవద్దు." అక్క చేతిరాత. నేను దాన్ని చదువుతూ నిలబడితే లోపలి నుంచి చూసింది.

"ఫోనెత్తేదానికి ఏమొచ్చింది నీకు?"

లోపలికి వెళ్ళి కూర్చుని జరిగిందంతా చెప్పాను. ఫోటోల సంగతి, పది నిమిషాలు, అన్న లాగిన్, మీటింగులో నా మైకు. అక్క చేతిలో జిరాక్సు కాగితాల కట్ట ఉంది. వింటూ వింటూ దాన్ని బల్ల మీద పెట్టింది.

"నిన్న సదుం నుంచి ఒగాయప్ప బిడ్డను పిలుచుకోని పొద్దన ఎనిమిదికే వచ్చినాడు. ముందర జనముంటే వాళ్ళ వంతు వచ్చేతలికి రెండైంది. ఫోటో ఎక్కతా ఉండంగా పడిపోయింది. అయిదు దాకా కూర్చున్నారు. ఆ పిల్ల ఏడుస్తాండాది. ఆయప్ప నన్ను అనరాని మాటలన్నాడు. పాత మిషిన్లు పెట్టుకోని బిడ్డల బతుకులు నాశనం సేస్తాండావని. అందరి ముందర. నేను నీకు ఫోను మీద ఫోను సేస్తాండాను. నువ్వు ఎత్తవు."

"నువ్వు నిన్న పొద్దున ఫోటోలు ఎక్కలేదన్నావు కదక్కా, దానికే..."

"నేను సెప్తి. ఎక్కలేదంటే ఎక్కలేదని సెప్తి. పది నిమిషాలు పెట్టమని సెప్తినా?"

ఆమె మాట నిజం. నేను తలవంచుకున్నాను. కాసేపటికి ఆమె లేచి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. కోపం పోయి కాదు, నా పెదాలు ఎండిపోయాయని.

"గడువు పెంచినారని ఆయప్పకు తెలుసునా?" అని నేనే అడిగాను.

"యాడ తెలుస్తాది? ఫోను తగలదు. నేను మద్యానం నించి సేస్తానే ఉండాను." ఆధారు జిరాక్సు ఒకటి తీసి చూపించింది. సదుం మండలంలో ఒక పల్లె పేరు ఉంది. "రేపు పోదాం. నువ్వు గూడా రా."

ఆదివారం పొద్దునే ఇద్దరం స్కూటీ మీద బయలుదేరాం. పల్లె చేరి ఇద్దరు ముగ్గురిని అడిగితే, టమాటా తోటలో ఉన్నాడని చెప్పారు. తండ్రీ కూతురూ కాయలు కోసి గంపల్లో పోస్తున్నారు. అక్కను చూడగానే ఆయన నడుం నిలబెట్టి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. పోట్లాటకు వచ్చిందనుకున్నట్టున్నాడు. అక్క నన్ను చూపించి తన చెల్లెలని చెప్పింది.

"గడువు పెంచినారప్పా. రేపు అయిదు దాకా ఉండాది. బిడ్డను పిలుచుకోని పొద్దన్నే రా. అందరికంటే ముందర నీకే ఏస్తాను" అంది అక్క.

ఆయన కూతురి వైపు చూశాడు. "నిజమేనా తల్లీ?" అని రెండుసార్లు అడిగి, ఆ తర్వాత అన్నాడు. "ఆ పొద్దు ఏందేందో అనేస్తిని. ఏమనుకోవద్దమ్మా. నీ మిషినుదే తప్పనుకుంటిని. మరి ఎవురు సేసినారు ఇట్ల?"

అక్క నా వైపు చూడలేదు. చూసి ఉంటే చెప్పేదాన్ని కాదేమో.

"నేనేనప్పా" అన్నాను. "ఆ సైటు చూసుకునే పని నాది. ఆ రోజు పొద్దున ఒకటి మార్చాను. దానివల్ల ఆగిపోయింది."

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నమ్మినట్టు లేడు. "నువ్వా? నువ్వు ఈయమ్మ సెల్లెలివి గదా? ఆ సైటు యాడ్నో హైదరాబాదులో ఉంటాది గదా?" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పిల్ల మాత్రం గంప కింద పెట్టి నా దగ్గరికి వచ్చింది. నర్సింగు చదవాలని ఆమె ఆశ. "అక్కా, రేపు మళ్ళా పడిపోతాదా?" అని అడిగింది.

పడిపోదు అని గట్టిగా చెప్పలేకపోయాను. "పొద్దున తొమ్మిది లోపల వచ్చెయ్. ఆ టైములో రద్దీ ఉండదు" అన్నాను. ఆమె తల ఊపింది గానీ, ఆ చూపులో నమ్మకం లేదు.

అక్క నన్ను పుంగనూరు బస్టాండులో దింపింది. పలమనేరులో బస్సు మారి కుప్పం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అన్న ఇంట్లో లేరు. చేను దగ్గరున్నారని వాళ్ళావిడ చెబితే, రామకుప్పం వైపు ఆటో మాట్లాడుకుని వెళ్ళాను.

చేను చూసి నిలబడిపోయాను. రాగి వెన్నులన్నీ నేలకు అతుక్కుని ఉన్నాయి. ఏనుగులు అడుగు పెట్టిన చోటల్లా తట్టలంత గుంటలు పడ్డాయి. పైపు విరిగిన చోట ఆ గుంటల్లో నీళ్ళు నిలిచాయి. ఆయనా వాళ్ళ నాన్నా కూర్చుని, మట్టి అంటని వెన్నులు ఏరి గోతంలో వేస్తున్నారు. నన్ను చూసి అన్న లేవలేదు. నేనే వెళ్ళి పక్కన గట్టు మీద కూర్చున్నాను.

"నా మీద కోపముందా అన్నా?"

"ఉండాది. లేకుండా యాడికి పోతాది?" వెన్నులు ఏరుతూనే అన్నారు. "తప్పు సేసినావని కాదు. నేనైనా అదే సేసుంటానేమో. సాయింత్రం నేను అడిగితి నిన్ను. తెలీదంటివి. నాకు ముందే సెప్పుంటే, మీటింగులో ఏం మాట్లాడల్నో ఆలోచించుకోనుంటా."

"నన్ను కాపాడాలని నువ్వెందుకు నెత్తిన ఏసుకున్నావన్నా?"

ఆయన తల ఎత్తి చూశారు. ఆ చూపులో నేననుకున్న మంచితనం లేదు, అలసట ఉంది. "నిన్ను కాపాడేదానికి కాదమ్మా. డ్యూటీలో ఉండి తప్పు సేస్తే మెమో ఇస్తారు. డ్యూటీ వదిలేసి పాస్‌వర్డు ఇంగొకరికిస్తే ఇంటికి పంపిస్తారు. రెండింట్లో ఏది సిన్నదో అది ఎత్తుకుంటిని. అంతే."

దారంతా నేను ఒకటే అనుకుంటూ వచ్చాను, నిజం చెప్పేస్తే ఆయన బయటపడతారని. ఆ నిజంలో ఆయన పాస్‌వర్డు కూడా ఉందన్న ఆలోచన నాకు రానే లేదు. నేను నోరు విప్పితే ఆయన ఉద్యోగం పోతుంది. విప్పకపోతే నా తప్పు ఆయన పేరు మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

"అయితే ఊరికే ఉండనా?"

"నన్నడగతాండావా? నాకూ తెలీదు."

అంతసేపూ వింటున్న వాళ్ళ నాన్న, "ఏందిరా, యాల ఆ బిడ్డ అట్ల కూర్చోనుండాది?" అని అడిగారు. అన్న ఆయనకు అర్థమయ్యేలా నాలుగు మాటల్లో చెప్పారు. ఆ ముసలాయన గోతం మూతి బిగించి కట్టి అన్నారు. "ఏనుగులు వచ్చినాయని సెప్పేదానికి ఏం సిగ్గు? అబద్దమా? శుక్రారం పొద్దన్నే ఫారెస్టోళ్ళు వచ్చి రాసుకోని, మనకొగ కాయితం ఇచ్చి పోయినారు గదా. ఆ కాయితం సూపించు."

అన్న ఆ గోతాన్ని గట్టు మీదికి చేర్చారు. తర్వాత చేతుల మట్టి దులుపుకుని, "రాయమ్మా. ఇద్దరం కలిసే రాద్దాం. రెండు రాత్రిళ్ళుగా నాకు నిద్ర లేదు" అన్నారు.

కుప్పంలో వాళ్ళింటి వసారాలో కూర్చుని సాయంత్రంలోగా ఉత్తరం రాశాం. ఆయన ఎందుకు వెళ్ళారో, పాస్‌వర్డు ఎందుకు ఇచ్చారో ఆయన రాశారు. ఏం మార్చానో, ఎందుకు మార్చానో, తెలిశాక కూడా ఎవరికీ చెప్పకుండా ఎలా వెనక్కి తీశానో, మీటింగులో ఎలా ఊరకున్నానో నేను రాశాను. మేనేజరు సంగతి వచ్చేసరికి కలం ఆగింది. "రాయి. ఆయప్ప సెప్పినట్టే రాయి, ఒగ మాట ఎక్కువొద్దు, తక్కువొద్దు" అన్నారు అన్న. "చిన్నదే కదా, చేసెయ్యండి అని ఫోనులో చెప్పారు" అని రాశాను. ఫారెస్టు వాళ్ళ కాగితం ఫోటో తీసి కింద జతచేశాం.

రాత్రికి మదనపల్లె చేరి, సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు ఆ ఉత్తరం పంపాను. తొమ్మిది దాటి అయిదు నిమిషాలకు అక్క ఫోను చేసింది. సదుం అమ్మాయి దరఖాస్తు పూర్తయిందట. ఫోటో రెండోసారికి ఎక్కిందట. ఆ రోజు సాయంత్రం అయిదయ్యే దాకా నేను కుర్చీ వదిలి లేవలేదు. సైటు నిలబడింది.

మేనేజరు నుంచి ఫోను మంగళవారం వచ్చింది. "ఆ ఒక్క వాక్యం రాయకుండా ఉండాల్సిందండీ" అన్నారు. చెప్పలేదని మాత్రం అనలేదు. ఆ తర్వాత ఆయన నాకు ఏ పనీ నోటితో చెప్పలేదు. మంచినీళ్ళు తాగమన్నా మెయిల్ పెట్టేవారేమో.

రెండు వారాలకు కంపెనీ రిపోర్టు వచ్చింది. చాలా పేజీలు. కారణం అని ఉన్న చోట, పని ఒత్తిడిలో జరిగిన మానవ తప్పిదం అని ఒక్క వరుస. ఏ మనిషో లేదు. ఆఖరి రోజు ముట్టుకోకూడదన్న రూలు ఎందుకు తప్పారో లేదు. పల్లెల్లో ఫోటోలు తెగిపోయే సంగతి రెండేళ్ళుగా ఎందుకు పట్టించుకోలేదో లేదు. మా ఇద్దరినీ మూడు నెలలు డ్యూటీ నుంచి తప్పించి వేరే పనులిచ్చారు. మూడు నెలల తర్వాత నన్ను మళ్ళీ తీసుకున్నారు. అన్న కాంట్రాక్టు ముగిసింది, దాన్ని మళ్ళీ పొడిగించలేదు. కారణం చెప్పలేదు. అడిగితే, ఈ ఏడు కొందరిని తగ్గిస్తున్నామన్నారు.

ఆ కబురు తెలిసిన వారం నేను కుప్పం వెళ్ళాను. ఆయన అప్పటికే బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే అంగట్లో కూర్చుంటున్నారు. ఇద్దరం బయటికి వచ్చి టీ తాగాం. చాలాసేపు రాగుల గురించీ, వాళ్ళ నాన్న మోకాళ్ళ గురించీ మాట్లాడుకున్నాం. చివరికి అడిగేశాను.

"నేను రాసినదాని వల్లే పోయిందా అన్నా?"

"తెలీదమ్మా. అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. వాళ్ళు సెప్పరు." టీ గ్లాసు బల్ల మీద పెట్టి అన్నారు. "నువ్వు రాయకపోయుంటే మాత్రం ఇట్ల నా ముందర కూర్చోని అడిగేదానివి కాదు. నేనూ నీతో మాట్లాడతా ఉండను."

అది ఓదార్పో, నింద సగానికి పంచడమో నాకు తెలియలేదు. అంగట్లోంచి ఎవరో ఆయన్ని పిలిచారు. వస్తానని చెప్పి లోపలికి వెళ్ళిపోయారు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ రోజు నా డ్యూటీ కాదు, ఏ దరఖాస్తులకూ ఆఖరి రోజు కాదు. అయినా మదనపల్లె చేరేలోపు నాలుగుసార్లు ఫోనులో సైటు తెరిచి చూశాను. ప్రతిసారీ తెరుచుకుంది. ప్రతిసారీ, అది పూర్తిగా కనిపించేదాకా, ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.